ముప్పై నాలుగు మెట్లు

త్రినాథ్‌కు నోరాగదు. పలాసలో ఫైబర్ నెట్టు పెట్టించుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. లైను వెయ్యడానికి వచ్చినవాడు లైను వేసి వెళ్ళొచ్చు కదా. వెళ్ళడు. స్తంభం మీద ఉండగానే పలకరింపు మొదలుపెడతాడు. మీది ఏ ఊరు, మీ అమ్మగారి కన్నవారిది ఏ ఊరు, ఆ ఊళ్ళో ఫలానా వాళ్ళు మీకేమవుతారు అని ఆరా తీసి, పని పూర్తయ్యేలోగా మీకూ తనకూ ఏదో ఒక చుట్టరికం తేల్చేస్తాడు. ఆ పైన మావా అనో బావా అనో పిలిచి, మంచినీళ్ళు అడిగి తాగి, అప్పుడు కదులుతాడు. పని మాత్రం శుభ్రమైన పని. అతను బిగించిన తీగ గాలివానకు కూడా జారదు. అందుకని ఆ వాగుడును జనం భరిస్తారు. కొందరైతే అతన్నే పంపమని ఆఫీసుకు ఫోను చేసి మరీ అడుగుతారు.

పుట్టుకతో అతను తీగల మనిషి కాడు. కవిటి పక్కన పల్లెలో కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దింపేవాడు. పదిహేనో ఏట నడుముకు కత్తి కట్టినవాడు, తిత్లీ తుఫాను దాకా విప్పలేదు. ఆ తుఫాను ఒక్క పూటలో తోటలన్నిటినీ పడుకోబెట్టేసింది. ఎక్కడానికి చెట్లు లేకపోతే ఎక్కేవాడు ఏం చేస్తాడు? కొన్నాళ్ళు పడిపోయిన మానులు కోశాడు, కొన్నాళ్ళు ఊరికే కూర్చున్నాడు, చివరికి పలాస వచ్చి స్తంభాలెక్కాడు. రెంటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, చెట్టు దిగితే బొండం ఇచ్చేవారు, స్తంభం దిగితే కంప్లయింటు ఇస్తున్నారు అంటాడు.

ఊరి నుంచి అతను వెంట తెచ్చుకున్నది ఇంకొకటుంది. కవిటి చుట్టూ ఉన్న ఆ ఉద్దానంలో మనిషికి మనిషి ఎదురైతే, మీ ఊళ్ళో వాన పడిందా అని అడిగినంత మామూలుగా, క్రియాటిన్ ఎంతుంది అని, రక్తంలో కిడ్నీ జబ్బును కొలిచే ఆ అంకెను అడుగుతారు. పెళ్ళిపందిట్లో అడుగుతారు, సంతలో అడుగుతారు, బస్సులో పక్క సీటువాణ్ణి కూడా అడుగుతారు. ఇంటికొక కిడ్నీ రోగి ఉన్న చోట అది తప్పూ కాదు, మోటుతనమూ కాదు. అవతలివాడు ఒకటిన్నర అంటే, పర్లేదులే, జాగ్రత్తగా ఉండు అంటారు. నాలుగంటే భుజం మీద చెయ్యి వేస్తారు. ఎనిమిది దాటిందంటే డయాలసిస్ ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్నిసార్లు అని అడుగుతారు. త్రినాథ్ వాళ్ళన్న రామూర్తి ఆ మెట్లన్నీ ఒక్కొక్కటే దాటి పన్నెండు దగ్గర పోయాడు. అప్పటి నుంచీ ఎవరి ముఖం కాస్త ఉబ్బినట్టు కనిపించినా త్రినాథ్ నోట్లోంచి ఆ ప్రశ్న దానంతటదే ఊడిపడుతుంది.

మే నెలలో ఒక శుక్రవారం కాశీబుగ్గలో జోగమ్మగారి ఇంటికి కొత్త కనెక్షను రాసిచ్చారు. మూడంతస్తుల ఇల్లు. కింద జోగమ్మగారు ఒక్కతే ఉంటుంది, పైన రెండు వాటాలు అద్దెకిస్తుంది. రెండో అంతస్తులో దిగిన యామిని అనే అమ్మాయి ఆ వారంలో ఆఫీసుకు ఏడుసార్లు ఫోను చేసిందట. టెక్కలిలో డిగ్రీ చదివి, ఒక బీమా కంపెనీలో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం సంపాదించుకుంది. ఇంటి నుంచే చెయ్యొచ్చు, కాని ఇంట్లో తీగ ద్వారా వచ్చే నెట్టు ఉండాలి, దాని స్పీడు ఎంతో ఫోటో తీసి శనివారం సాయంత్రంలోగా పంపాలి. పంపలేకపోతే సోమవారం విశాఖపట్నం ఆఫీసులో కూర్చోవాలి. ఆ పిల్ల విశాఖ వెళ్ళిపోతే తండ్రిని చూసే దిక్కు లేదు. తల్లి ఎప్పుడో పోయింది. ఇదంతా త్రినాథ్ స్తంభం మీద ఉండగానే, బాల్కనీలో నిలబడ్డ యామిని దగ్గర రాబట్టాడు. తండ్రిని చూడ్డం అంటే ఏమిటో మాత్రం ఆ అమ్మాయి చెప్పలేదు. అతను అడగబోయేలోపు తీగ చెయ్యి జారింది, మాట అక్కడితో తెగిపోయింది.

లోపలికి వెళ్ళేసరికి జోగమ్మగారు హాల్లో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కొత్తగా టైల్స్ వేయించిన గోడలు, డ్రిల్లు పెడితే ఊరుకోనని ముందే చెప్పేసింది. త్రినాథ్ గోడలన్నీ తట్టి చూసి, కిటికీ పైన పాత డిష్ తీగ కోసం ఎవరో ఎప్పుడో పెట్టిన కన్నం వెతికి పట్టుకున్నాడు. దాంట్లోంచే తీగ లాగుతానంటే ఆవిడ ముఖం కాస్త తేటపడింది. ఆవిణ్ణి తప్పు పట్టడానికి లేదు. నాలుగేళ్ళ కిందట అదే వాటాలో అద్దెకున్న ఒక పెద్దాయన నిద్రలో పోయాడు. నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు తాళం వెయ్యమన్నారు. వేసింది. తాళం తీశాక కూడా ఏడాది పాటు ఆ వాటాలో దిగడానికి ఎవరూ రాలేదు. ఆ ఏడాదిన్నర ఒక్క వాటా అద్దెతో ఆవిడ ఎలా తిన్నదో ఆవిడకే తెలుసు. అందుకే ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళనీ, ఇంట్లో రోగాలున్న వాళ్ళున్నారా అని మొట్టమొదట అడుగుతుంది. యామినినీ అడిగింది. నాన్నకు కాస్త షుగరుంది, అంతేనండి అని యామిని చెప్పింది.

ఆ నాన్న లోపలి గదిలోంచి వచ్చాడు. మే నెల ఎండలో మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న పొడుగు చేతుల చొక్కా. త్రినాథ్ స్టూలు మీద నుంచి చూసి ఒక్క క్షణం ఆలోచించాడు, వెంటనే అతని ముఖం విప్పారింది.

"నువ్వు పైడిరాజు మావవి కాదేటి? మీ తోటలో కాయలు దింపినోణ్ణి మావా, త్రినాథ్‌ని."

పైడిరాజు దగ్గరకొచ్చి తల పైకెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. రెండెకరాల కొబ్బరి, గట్టు మీద జీడిమామిడి, ఏటా నాలుగు దింపుళ్ళు. ఆ తోట ఇప్పుడు లేదని ఇద్దరికీ తెలుసు కనుక దాని ఊసెత్తలేదు. చెట్లు వదిలేసి ఇనప స్తంభాలెక్కుతున్నావేట్రా అని పైడిరాజు నవ్వాడు. ఒకప్పుడు తోటలో నిచ్చెన పట్టుకున్నట్టే, అడక్కుండానే వచ్చి స్టూలు పట్టుకున్నాడు. సుత్తి అందించడానికి పైకెత్తిన చేతికి చొక్కా గుండీ తెగి, చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది. డయాలసిస్ సూదులు గుచ్చి గుచ్చి వేలు లావున ఉబ్బిన నరం త్రినాథ్ కళ్ళబడింది. రామూర్తి చేతి మీద అలాంటిదే ఉండేది.

"క్రియాటిన్ ఎంతుంది మావా?"

"మొన్న తొమ్మిదిన్నర. వారానికి మూడుమార్లు ఎల్తన్నాను."

అతను అలవాటుగా అడిగేశాడు, ఈయన అలవాటుగా చెప్పేశాడు. ఉద్దానంలో పుట్టని వాళ్ళయితే ఆ ప్రశ్నా అడిగి ఉండరు, ఆ జవాబూ ఇచ్చి ఉండరు. ఇద్దరూ ఒకేసారి నాలుక్కరుచుకున్నారు, అప్పటికే మాట బయటికొచ్చేసింది. వంటింటి గుమ్మంలో యామిని నిలబడిపోయింది. చేతిలో టీ గ్లాసులున్న పళ్ళెం.

జోగమ్మగారు అరవలేదు. అరిస్తే బాగుండేదేమో. యామిని వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"సుగరన్నావు కదమ్మా."

"నిజం సెప్తే ఇల్లిత్తురా అమ్మా?"

ఆవిడ కుర్చీలో కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. త్రినాథ్ స్టూలు దిగలేకపోయాడు, పైనుండి పని చెయ్యలేకపోయాడు. చేతిలో సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఆడపిల్లతో ఉన్నావు, ఎల్లిపొమ్మని ఎలాగంటాను," అంది ఆవిడ చివరికి పైడిరాజుతో. "గాని ఈ ఇంట్లో ఏటీ అవకూడదు. ఈ రెండు వాటాలే నాకు ఆధారం. మళ్ళీ ఆర్నెల్లు తాళం పడితే నా నోట్లోకి ముద్దెల్లదు."

పైడిరాజు చొక్కా చెయ్యి మళ్ళీ మణికట్టు దాకా లాక్కున్నాడు.

"అవదమ్మా. మాటిత్తన్నాను. ఏటైనా అయితే నీ గేటవతలే అవుద్ది."

ఆ తర్వాత పని గంటలో అయిపోయింది. తీగ అతికించి, డబ్బా గోడకు తగిలించి, స్విచ్చి వేస్తే ఎర్రలైటు రెండుసార్లు మిణికి ఆకుపచ్చగా నిలిచింది. యామిని స్పీడు ఫోటో తీసి కంపెనీకి పంపింది. పది నిమిషాల్లో సోమవారం నుంచి ఇంట్లోనే పని చేసుకోవచ్చని జవాబొచ్చింది. ఆ అమ్మాయి తండ్రి వైపు చూసి నవ్వబోయి, నవ్వలేక, టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. త్రినాథ్ ఆ రోజు మంచినీళ్ళు అడగలేదు. మెట్ల దగ్గర యామినితో, నా నోరు పడిపోను తల్లీ అన్నాడు. నీదేటుందన్నా, నాన్న కూడా సెప్పేసినాడు కదా అని ఆ పిల్ల అతన్నే ఓదార్చింది. తిట్టి ఉంటే అతనికి ఆ పూట అన్నం సహించేది.

అప్పటి నుంచి ఆ వీధిలో పని ఉన్నా లేకపోయినా త్రినాథ్ అటు వెళ్ళడం మొదలుపెట్టాడు. లైను చూసి పోతానని చెప్పేవాడు. పచ్చలైటు వెలుగుతూనే ఉండేది. అతను బిగించిన లైనుకు ఏమవుతుంది? అసలు అతను వెళ్ళేది పైడిరాజు పక్కన కాసేపు కూర్చోడానికి. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆయన కూర్చుని ఉండేవాడు. పదింటి నుంచి ఏడింటి దాకా యామిని తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌సెట్టు పెట్టుకుని మాట్లాడుతూ ఉంటుంది. ఆ సమయంలో ఇంట్లో కుక్కరు పెట్టరు, టీవీ పెట్టరు. దగ్గు వస్తే పైడిరాజు తువ్వాలు నోట్లో కుక్కుకుంటాడు. పక్కనెవరైనా మాట్లాడినట్టు అవతల వినబడితే పిల్లకు మార్కులు పోతాయట. ఒకసారి ఆయన గిన్నె జారవిడిచినందుకు పోయాయి కూడా. ఆమె ఒక్క మాటనలేదు, ఆయనే ఆ రాత్రి అన్నం తినలేదు.

వారంలో మూడు రోజులు తెల్లవారుజామునే ఇద్దరూ ఆటోలో డయాలసిస్‌కు వెళ్ళి, షిఫ్టు వేళకు వచ్చేసేవారు. వచ్చాక ఆమె పనిలో కూర్చునేది, ఆయన సొమ్మసిల్లి పడుకునేవాడు. రోజంతటికీ ఆయనకు నీళ్ళు ఇంతే అని డాక్టర్లు లెక్క పెట్టారు. చిన్న స్టీలు గ్లాసుతో ఆ కాసిన్నే చప్పరించుకుంటూ పొద్దు పుచ్చేవాడు. వీధిలో బొండాల బండి వస్తే లోపలికి వెళ్ళిపోయేవాడు. నలభై ఏళ్ళు కొబ్బరి పండించిన మనిషి, ఒక్క బొండం తాగడానికి లేదు.

ఒకరోజు పొద్దున్న త్రినాథ్ వచ్చేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు. గోడ పట్టుకుని ఒక్కొక్కటే దిగి, గేటు దాకా వెళ్ళి, గేటు మీద చెయ్యి ఆనించి వగర్చి, మళ్ళీ పైకొచ్చాడు. రోజూ ఇలా ఒకసారి దిగి ఎక్కుతున్నానని చెప్పాడు. ముప్పై నాలుగు మెట్లు. మొదట్లో రెండు చోట్ల ఆగేవాణ్ణి, ఇప్పుడు నాలుగు చోట్ల ఆగుతున్నానన్నాడు. డాక్టరు నడవమన్నారు కాబోలనుకుని త్రినాథ్ సంతోషించాడు. నడక మంచిదే మావా, మానకు అని చెప్పాడు కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ అతనికి ఎక్కడైనా తల దాచుకోవాలనిపిస్తుంది.

కార్తీకంలో వానలు పట్టుకున్నాక ఆ వీధి చివర లైన్లు తరచుగా తెగుతున్నాయి. జోగమ్మగారింటికి ఎదురుగా ఉన్న స్తంభం మీది డబ్బాలో నీళ్ళు దిగాయి. ఒక బుధవారం మధ్యాహ్నం త్రినాథ్ ఆ స్తంభమెక్కి డబ్బా మారుస్తున్నాడు. రెండో అంతస్తు బాల్కనీలో కుర్చీ ఖాళీగా ఉంది. పడుకున్నాడు కాబోలనుకున్నాడు. ముందురోజు డయాలసిస్‌లో ఊపిరి అందక మధ్యలోనే ఆపేశారని యామిని ఫోన్లో చెప్పింది.

కాసేపటికి కింద మెట్ల దగ్గర తెల్లచొక్కా కనిపించింది. పైడిరాజు. ఉతికిన చొక్కా, అన్ని గుండీలూ పెట్టుకున్నాడు, భుజాన తువ్వాలు. పొద్దున్న దిగే మనిషి ఈ వేళప్పుడు ఎందుకు దిగాడని త్రినాథ్ పైనుంచి చూస్తూనే ఉన్నాడు. ఆయన గోడ వదిలి గేటు పట్టుకున్నాడు. గేటు తీసి బయటికొచ్చాడు. వెనక్కి తిరిగి, ఎంత కష్టపడ్డాడో, గడియ మళ్ళీ పెట్టాడు. రెండడుగులు వేసి మురిక్కాలవ మీది సిమెంటు పలక మీద కూలబడ్డాడు.

త్రినాథ్ స్తంభం ఎలా దిగాడో అతనికే తెలియదు. అరచేతులు చీరుకుపోయిన సంగతి సాయంత్రం గాని చూసుకోలేదు. వెళ్ళి పట్టుకునేసరికి పైడిరాజు ఒళ్ళంతా చెమట, పెదాలు నీలంగా ఉన్నాయి, ఛాతీ బుసకొడుతోంది. త్రినాథ్ ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని, రెండో చేత్తో అంబులెన్సుకు ఫోను చేశాడు.

"లోపలికెల్దాం మావా. యామినిని పిలుత్తాను."

"వద్దు. పోన్లో ఉన్నాది. మజ్జిలో లేత్తే మార్కులు పోతాయి."

"మార్కులేటి మావా, ఊరుకో."

పైడిరాజు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏదో అడగాలని చూశాడు, ఊపిరి చాలలేదు. కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాడు.

"గేటు దాటేసినాను కదా?"

త్రినాథ్‌కు అప్పుడు అర్థమైంది. ఆ పొద్దుటి మెట్లు, నాలుగు చోట్ల ఆగడం, గేటు మీద చెయ్యి పెట్టి వగర్చడం అన్నీ అర్థమయ్యాయి. ఆరు నెలలుగా ఈ మనిషి ఈ ఒక్క దిగడానికే సాధన చేస్తున్నాడు.

"దాటేసేవు మావా," అన్నాడు.

పైడిరాజు తల అతని భుజం మీదకి వాలింది. పట్టు ఇంకొంచెంసేపు ఉంది, తర్వాత వదులైంది.

చప్పుడు విని జోగమ్మగారు వాకిట్లోకి వచ్చింది. చూసి పరిగెత్తుకొచ్చింది. గడియ తీసి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, లోపలికి తీసుకురా నాయనా, నా మంచం మీద పడుకోబెట్టు అంది. త్రినాథ్ తలెత్తి ఆవిడ వైపు చూశాడు. అతని ముఖం చూసి ఆవిడకు తెలిసిపోయింది. బయట పోయినవాణ్ణి ఇంట్లోకి తీసుకురాకూడదు. అది ఆవిడ పెట్టిన షరతు కాదు, అందరిళ్ళలోనూ ఉన్నదే. ఇక ఆవిడ రమ్మన్నా ఆయన రావడానికి లేదు. గేటు ఊచ పట్టుకుని, నానేటన్నాను, నానేటన్నాను అని ఆవిడ నోట్లోనే అనుకుంటూ కూలబడింది. ఆవిడ కూడా పాపం ఏమంటుందని?

అంబులెన్సు వచ్చి, వాళ్ళు చూసి, తల అడ్డంగా ఊపారు. ఆవిణ్ణి అక్కడే ఉండమని త్రినాథ్ మెట్లెక్కాడు. ఆయన ఆగిన చోట్లు గోడ మీద కనిపిస్తున్నాయి. నాలుగు చోట్ల సున్నం మీద చేతిముద్రలు, చెమటకు నల్లబడ్డాయి.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు. యామిని గోడ వైపు తిరిగి కూర్చుని ఎవరికో పాలసీ వివరాలు చెబుతోంది. పుస్తకాల తెలుగు, మెత్తటి గొంతు, ప్రతి మాటకూ చివర అండీ. అలికిడికి తిరిగి చూసింది. అతన్ని చూసి నవ్వి, ఒక వేలు ఎత్తి ఒక్క నిమిషం అన్నట్టు సైగ చేసింది. లైను చూడ్డానికి వచ్చాడనుకుని, డబ్బా వైపు చూపించి బాగానే ఉందని తలూపింది. పచ్చలైటు వెలుగుతోంది.

త్రినాథ్ ఆగాడు. ఆ ఒక్క నిమిషం అతను చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె అవతలి మనిషికి నమస్కారం చెప్పి, హెడ్‌సెట్టు మెడ మీదికి లాక్కుని, గొంతు మార్చి తన మాటలోకి వచ్చింది.

"ఏటన్నా, ఇలాగొచ్చేవు? నాన్న పడుకున్నాడేటి?"

ఎదురైన ప్రతివాణ్ణీ ఏదో ఒకటి అడిగే మనిషికి, అడిగిన ప్రతిదానికీ పది మాటలు చెప్పే మనిషికి, ఆ వేళ ఎంత వెతికినా ఒక్క మాటే దొరికింది.

"గేటు దాటేసినాడమ్మా."

మే నెలలో ఆ హాల్లో తండ్రి ఇచ్చిన మాట ఆమె కూడా విన్నది. మెడలో హెడ్‌సెట్టు అలాగే ఉండగా, చెప్పులైనా వేసుకోకుండా, మెట్ల మీదికి పరిగెత్తింది.